నలభై అయిదు సెకన్ల నిమిషం

పాప వాళ్ళమ్మకు,

ఈ పూట పాప, అక్క, నేను బాగున్నాం. ‘ఈ పూట’ అని ఊరికే రాయలేదు.

పళ్ళెన్ని వచ్చాయని అడిగావు. కింద రెండు. నన్ను చూసి నవ్వుతోందా అంటే, నన్నే కాదు, కళ్ళజోడు పెట్టుకున్న వాళ్ళందర్నీ చూసి నవ్వుతోంది. జలుబు తగ్గిందా అనీ అడిగావు. దానికి జవాబు పొడుగు.

కిందటి సోమవారం మధ్యాహ్నం పాప కిటికీ పక్కన నిద్రపోతోంది. పల్చటి తెర గాలికి లేచి దాని మీద నీడ వేస్తోంది, మళ్ళీ తీసేస్తోంది. చిన్నచిన్న అలల్లా పొట్ట కదులుతోంది. చూస్తూంటే నాకే కళ్ళు మూతలు పడ్డాయి. అక్క వచ్చి నిలబడి, “ఒరేయ్, ఇది కలలో ఎక్కడికో పరిగెడుతోందిరా” అంది.

నువ్వు శిక్షణకు వెళ్తూ చెప్పింది గుర్తొచ్చింది. ఏడాది నిండని పిల్ల నిమిషానికి యాభైసార్లు, ఆపైన ఊపిరి తీస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నావు. చేతి వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. నలభై ఆరు. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. అక్క ఆసుపత్రికి పోదామంది. అక్కర్లేదన్నాను.

మంగళవారం పొద్దున పాలసీసా వద్దంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఆసుపత్రిలో నర్సు లెక్కపెడితే అరవై రెండు. నిన్న నలభై ఆరే ఉందని వాదించాను. ఆవిడ నా మణికట్టు చూసింది, గోడ గడియారం చూసింది.

“ఆ వాచీ ఎవరిది?”

“రిపేరుకొచ్చిందండి. ఎంత ముందుకెళ్తోందో చూద్దామని పెట్టుకున్నా.”

“వాచీలు బాగుచేస్తారా మీరు?”

“అవునండి.”

“అయితే ముందు దాన్ని తీసి జేబులో పెట్టండి.”

అయస్కాంతం తగిలిన వాచీ అది. నేను నిమిషమనుకున్నది నలభై అయిదు సెకన్లు. అంటే సోమవారమే అరవై దాటింది. ఒక రోజు నా వల్ల పోయింది. న్యుమోనియా అన్నారు. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఆ రెండు రోజులూ నాకు నీళ్ళ అడుగున కూర్చున్నట్టుండేది. మనుషుల మాటలు దూరం నుంచి వచ్చేవి. శనివారం ఇంటికి పంపించారు. ఊపిరి ఇప్పుడు ముప్పై ఆరు. ఇది నర్సు లెక్క.

అక్కకు అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

జబ్బు సంగతి రాసి వాచీ సంగతి మింగేద్దామని రెండు కాగితాలు చింపాను. కానీ పిల్లను ఎలాంటివాడి చేతిలో పెట్టి వెళ్ళావో తెలియకుండా నువ్వక్కడ చదువుకోకూడదు. మిగిలిన ఆరు వారాల శిక్షణ పూర్తిచేస్తావో, రేపే బయలుదేరతావో నీ ఇష్టం. ఉండమని మాత్రం నేను అడగను.

ఇట్లు,
పాప నాన్న