మెల్లగా చదివే అలవాటు

టీచర్‌గారికి నమస్కారం.

హాస్టల్లో బాగానే ఉన్నాను. మన బడిలో మూడు తరగతులకూ ఒకటే గది కదా, పక్కవాళ్ల పాఠం చెడకుండా మెల్లగా చదవమని మీరు నేర్పారు. కాలేజీకి వచ్చినా ఆ అలవాటు పోలేదు. నిన్న క్లాసులో లేచి పాఠం వివరిస్తే వెనక బెంచీలకు ఒక్క ముక్కా వినపడలేదు. "సర్లేమ్మా, కూర్చో" అని మేడమ్ పక్కమ్మాయిని లేపారు. సోమవారం అందరి ముందూ నిలబడి మాట్లాడే పరీక్ష ఉంది. అందులో తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.

అమ్మకు ఫోన్లో చెబితే, "తమ్ముడి మీద అరిచే గొంతు ఏమైందే?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇక్కడ అరవడానికైనా నాకు ఎవరూ లేరని చెప్పలేదు. మా ఇంట్లో చదువుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను.

ఆదివారం ఊరికి వస్తాను, బడి గది ఒక గంట తెరుస్తారా? నేను లోపల బోర్డు దగ్గర నిలబడి మాట్లాడతాను. మీరు బయట గేటు దగ్గర నిలబడి వినండి. వినపడకపోతే "మళ్లీ చెప్పు" అనండి. ఇక్కడ నాతో ఆ మాట ఎవరూ అనడం లేదు.

మీ దగ్గర చదువుకున్న,
కుట్టుమిషను వాళ్ల అమ్మాయి