తడిసిన కట్టు

చిరంజీవి సౌభాగ్యవతి కోడలు ప్రసన్నలక్ష్మికి, మదనపల్లి నుంచి మీ మామ దీవించి రాయడమేమనగా, ఇక్కడ నేను, అబ్బాయి వెంకటేషు, పాప శాలిని బాగున్నాము. కుప్పంలో నువ్వు, పురిటి బిడ్డ, మీ అమ్మానాయనలు బాగున్నారని తలుస్తాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను కసురుతాను. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకొని చదువుకో.

నువ్వు అడిగినవాటికి జవాబు. శాలిని తింటోంది. క్యాన్సరు మందు ఎక్కించిన మరునాడు మాత్రం ముద్ద ముట్టదు. బోడిగుండుతోనే కిటికీలోంచి వీధి పిల్లలందరినీ అదిలిస్తోంది. ఎదమీద మందులెక్కించే గొట్టం కదలలేదు. కట్టు పొడిగా ఉంటోందా అన్నావు. అది తర్వాత రాస్తాను.

చేతులు కడుగుతున్నావా మామా అని మొహమాటంగా అడిగావు. ఆ మొహమాటం నీ కూతురికి లేదు. సబ్బు పెట్టి వేళ్ళ సందులు రుద్దేదాకా నన్ను మంచం దగ్గరికి రానియ్యదు. చిన్నప్పటి నుంచీ మడక పట్టి దున్నిన చేతులివి. పుంగనూరు సంతలో నేను బేరం చెబితే మారు మాట్లాడినవాడు లేడు. ఆరేళ్ళది నా గోళ్ళు చూసి వెనక్కి పంపుతోంది. రోషమొచ్చింది. పోయి గోళ్ళు తీసుకున్నాను.

ఇక ఆ కట్టు సంగతి. పోయిన వారం బోయకొండకు పోయి గంగమ్మ తీర్థం తెచ్చాను. పైరుకు పురుగు పడితే మనం చల్లేది ఆ నీళ్ళే కదా. బిడ్డకూ ఏ పురుగూ పట్టకుండా గొట్టం దగ్గరే చల్లాలనుకున్నాను. సీసా వంచగానే అది రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టింది.

"తాతా, నెత్తిన సల్లు. ఈడికి గంగమ్మైనా సబ్బుతో సేతులు కడుక్కోనే రావల్ల."

అప్పటికే కట్టు అంచు తడిసింది. ఆరిపోతుందిలే, మీ నాయనకు చెప్పొద్దు అన్నాను. అది ఒప్పుకోలేదు.

"నువ్వు సెప్తావా, నేను సెప్పల్లా?" అని ఫోను నా చేతిలో పెట్టింది.

వెంకటేషు పని వదిలి వచ్చి ఆస్పత్రికి తీసుకుపోయాడు. నర్సు గ్లోరీ తడి కట్టు తీసి, మందుతో తుడిచి, కొత్తది వేసింది. నన్ను తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది.

"పెద్దాయనా, ఈ గొట్టం గుండె కాడికి పోయే నరంలో ఉండాది. ఈడ క్రిమి దూరితే నెత్తురంతా పాకుతాది. తట్టుకునే శక్తి బిడ్డకు ల్యా" అంది.

చలి గాని, జ్వరం గాని వస్తే ఏ పొద్దయినా ఆగకుండా తెమ్మంది. మాటిమాటికీ దాని నుదురు తాకి చూస్తూ కూర్చున్నాను. వారం దాటింది. జ్వరం రాలేదు.

నీకు చెప్పవద్దని వెంకటేషును ఆపింది నేనే. అది కూడా తప్పే. నా మాటకు అడ్డం నిలిచినవాళ్ళు మన ఇంట్లో ఇంతవరకు లేరు. ఇది నిలిచింది, తన ప్రాణం తాను కాచుకుంది. ఈ గట్టితనం మా వంశంలోది కాదమ్మా. నువ్వు నేర్పింది. ఇన్నేళ్ళూ నేను నిన్ను మెత్తనిదనుకున్నాను.

నేను ఇక్కడ ఉండాలో, పుంగనూరికి పోవాలో నువ్వు చెప్పినట్టే చేస్తాను. శాలినిని అడిగితే, "ఉండు గానీ, నేను సెప్పినట్టు ఇనల్ల" అంది.

వింటున్నాను.

ఇట్లు,
మీ మామ
చెంగల్రాయుడు