తొమ్మిదిమందితో ఆడిన మ్యాచ్

యాదన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజే మన ఆదిలాబాద్ కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్‌ను తీసెయ్యాలని కమిటీ మీటింగ్ పెట్టారు. ఆ కోచ్ ఎవరో కాదు, నీ దగ్గర ఆట నేర్చుకున్న సలీమే. సగంమంది పిల్లలు పత్తి ఏరడానికి చేన్లకు పోతే, మిగిలిన తొమ్మిదిమందితోనే మ్యాచ్‌లు ఆడించాడు. అన్నీ ఓడిపోయాడు.

"బయటి ప్లేయర్లను మన పోరగాళ్ల పేర్ల మీద దింపుమంటే గీయన ఇనలే," అన్నాడు ప్రిన్సిపాల్.

"పత్తి అయినంక మా పోరగాళ్లే వస్తరు సార్. వాళ్ల జాగ ఇంకొకలకు ఇయ్య," అన్నాడు సలీమ్. తల దించలేదు, అచ్చం నీలాగే.

సలీమ్‌ను తీసేసే కాగితం సంతకం కోసం కమిటీ మెంబర్‌నైన నా ముందుకొచ్చింది. కోచ్‌గా ఉన్న నిన్ను తీసేసిన రోజు కూడా ఇలాగే వచ్చింది. ఆరోజు నువ్వు నావైపే చూస్తున్నావు. అయినా సంతకం పెట్టాను.

ఈసారి కాగితాన్ని వెనక్కి నెట్టేశాను. "నేను పెట్ట. ఏం జేసుకుంటరో జేసుకోండ్రి," అన్నాను. అందరి సంతకాలూ ఉంటేనే చెల్లుతుంది కాబట్టి, సలీమ్ ఉద్యోగం నిలబడింది.

సాయంత్రం ప్రాక్టీసుకు మళ్లీ తొమ్మిదిమందే వచ్చారు. పదోవాడిగా నేనే గోల్‌లో నిలబడ్డాను. నాకు ఆట రాదని నీకు తెలుసు కదా. బంతి నేరుగా వచ్చి మొహానికి తగిలింది.

పక్కకు మాత్రం జరగలేదన్నా.