జూనీ ఎవరి ఇంట్లో పెరగాలన్న విషయమై

నేను, కారిన్ ఎలీస్ లాహ్టీ, వయసు ఇరవై ఎనిమిది, ఆర్విడ్ లాహ్టీ కూతురిని, మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన పైక్ క్రాసింగ్ నివాసిని, ఊరి గ్రంథాలయంలో ఉద్యోగిని. ఈ వీలునామా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నా చేత్తోనే రాస్తున్నాను. నా మతి చెదరలేదు. పక్కన నిలబడి ఎవరూ రాయించడం లేదు. జబ్బేమీ లేదు. బతుకు మీద విసుగు పుట్టి రాస్తున్నానని కూడా ఎవరూ అనుకోవద్దు. సోమవారం పొద్దున లేచి, మా అమ్మాయి జూనీకి జడ వేసి బడికి పంపాలన్నదే నా ఉద్దేశం. ఈ వయసులో వీలునామా ఏమిటంటే, దానికి జవాబు కింద రెండో అంశంలోనూ నాలుగో అంశంలోనూ ఉంది. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. ఈ కాగితంలోని మాటలు అమలు జరిపే బాధ్యత లాయరు గ్రెటా ఫెన్‌స్కీ గారిది. నన్ను మా అమ్మ పక్కన పూడ్చండి. చర్చి హాల్లో భోజనాలప్పుడు ఎవరూ నన్ను ధైర్యవంతురాలని పొగడొద్దు. పొగిడేవాళ్ళు మార్చి నెల నుంచి తాము ఎక్కడున్నారో ముందు చెప్పి, ఆ తర్వాత పొగడాలి.

2. నా పేరున రిజిస్టరైన రివాల్వర్ ప్రస్తుతం షెరీఫ్ ఆఫీసులో, నంబరు చీటీ కట్టిన సంచిలో ఉంది. ఎప్పటికైనా తిరిగి ఇస్తే అది ఫెన్‌స్కీ గారి బీరువాలో ఉండాలి. జూనీకి ఇరవై ఒకటి నిండాక కావాలో వద్దో తనే చెప్పుకోవాలి. తన తరఫున వేరెవరూ భయపడొద్దు, వేరెవరూ గర్వపడొద్దు.

అది అక్కడికి ఎలా చేరిందో రికార్డు కోసం రాస్తున్నాను. జూనీ తండ్రి డేల్ బ్రిస్బోయ్, నా మాజీ భర్త. నా ఛాయలకి రాకూడదని మార్చిలో అతని మీద కోర్టు ఉత్తర్వు వచ్చింది. అతని తుపాకులన్నీ ఆ రోజే షెరీఫ్‌కి అప్పజెప్పాడు. అక్టోబరు ఇరవై ఒకటి, మంగళవారం సాయంత్రం నాలుగింటికి, గ్రంథాలయం పక్కన నేను కారు తలుపు తీస్తుండగా వెనక నుంచి వచ్చాడు. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. నాకు పదేళ్ళ వయసు నుంచి నాన్న నేర్పింది నా ఒంట్లో ఉంది. రివాల్వర్ తీసి రెండు చేతులతో పట్టుకున్నాను, కాళ్ళు ఎడం చేశాను, చెయ్యి బయటికి తియ్యమన్నాను. తీశాడు. చేతిలో జూనీ ఎర్ర ఉన్ని తొడుగు.

"పాప వేళ్ళు చలికి కొంకర్లు పోతాయని తెచ్చానే. దీనికి కాలుస్తావా?" అన్నాడు, నవ్వుతూ, మెట్ల మీదున్న ఇద్దరికి వినపడేంత గట్టిగా.

ఆ ఇద్దరూ చూసింది చూసినట్టే చెప్పారు. పిల్ల తొడుగు పట్టుకున్న తండ్రి, వాడి మీద తుపాకీ గురిపెట్టిన తల్లి. వచ్చిన డిప్యూటీ నా క్లాస్‌మేటే. "వాడు నీ దగ్గరికి రావడం తప్పే కారిన్, కాదన్ను. కానీ నువ్వు పెట్టిన గురి చూడు తల్లీ, నేనేం రాసుకోను?" అన్నాడు. వాడికి మందలింపు. నాకు కేసు. విచారణ జనవరిలో. అప్పటిదాకా నా తుపాకీ లైసెన్సు చెల్లదు, రివాల్వర్ సంచిలో.

"తీస్తే కాల్చడానికే తియ్యి, బెదిరించడానికి నోరుంది" అని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. నేను తీశాను, కాల్చలేదు. కాల్చకపోవడమే సరైన పని అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ సరైన పనికే నాకు కేసు పడింది. సిద్ధంగా ఉండటం అంటే ఏమిటో పద్దెనిమిదేళ్ళు నేర్చుకున్నాను. ఎదుటివాడు కూడా సిద్ధమై వస్తాడని, వాడి సిద్ధపాటు ఉన్ని తొడుగులా ఉండొచ్చని ఎవరూ నేర్పలేదు.

3. కాలేజీలో నేను చదివిన రాజ్యాంగం పుస్తకం, అట్ట ఊడినది, జూనీకి. అంచుల్లో పెన్సిల్ రాతలు నావి. ఎక్కువ భాగం చూసి నవ్వుకోవచ్చు. పందొమ్మిదేళ్ళప్పుడు నాకు అన్నీ తెలుసు.

ఒక్క పేజీ మాత్రం నవ్వకుండా చదవమని చెప్పండి. హక్కు అంటే నీకు ఎవరో చేసిపెట్టే పని కాదని, సర్కారు నీకు చెయ్యకూడని పని అని మా ప్రొఫెసర్ చెప్పిన రోజు అక్కడ రాసుకున్నాను. నీ ఇంటికి పోలీసు వచ్చి తీరాలని అందులో ఎక్కడా లేదు. వస్తే మంచిదే. రాకపోతే రాజ్యాంగం తప్పినట్టు కాదు. క్లాసు మొత్తం ఉలిక్కిపడింది, నేను తప్ప. మా ఇంట్లో ఆ మాట భోజనాల బల్ల దగ్గరే తెలిసిపోతుంది. "షెరీఫ్ ఇక్కడికి రావడానికి నలభై నిమిషాలు, అదీ మంచు లేకపోతే. అందుకేనమ్మా తుపాకీ" అనేవాడు నాన్న. "రాజ్యాంగం మనకి ఇచ్చిందేమీ లేదు. పుట్టినప్పుడే ఉన్నదాని మీద చెయ్యి వెయ్యొద్దని సర్కారుకి చెప్పింది, అంతే."

నేను ఆ మాట అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నమ్మకం పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

4. నాన్నకి, అంటే ఆర్విడ్ లాహ్టీకి: అమ్మ నేసిన గుడ్డపీలికల తివాచీలు మూడూ, ఆవిరి గదిలో నీళ్ళు చల్లే రాగి గరిటె, నా కారు. క్షమ కూడా రాయాలనుకున్నాను. పూర్తిగా ఇవ్వడానికి ఇంకా నా దగ్గర లేదు, ఉన్నంత ఇస్తున్నాను.

నవంబరు పదిహేనున అడవికి వెళ్ళని మగవాణ్ణి మా ఊళ్ళో జబ్బుమనిషిని చూసినట్టు చూస్తారు. జింకల సీజన్ మొదలయ్యే రోజు అది. బడికి సెలవు, కొట్టుకి సెలవు. పద్నాలుగో తేదీ సాయంత్రం నాన్న తన ఇంట్లో, వేట గుడిసెకి పట్టుకెళ్ళడానికి మాంసం కూరిన పాస్టీ రొట్టెలు గుడ్డలో చుడుతుంటే, గోడ మీద మూడు కొయ్యల్లో ఒకటి ఖాళీగా కనిపించింది. తాత రైఫిల్ ఏదని అడిగాను.

"డేల్ పట్టుకెళ్ళాడు. నెలాఖరు దాకే."

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. వంటింట్లో ఉన్న జూనీ చెవులు మూసుకుంది.

"చలికాలమంతా ఇంట్లో మాంసం లేకుండా మనిషిని ఎలా కూచోబెడతావమ్మా? వాడు నీ మీద కోపంతో ఉన్నాడు, నిజమే. రైఫిల్ అడిగింది జింక కోసం, నీ కోసం కాదుగా?" అన్నాడు. తర్వాత, నా మొహం చూసి, కాస్త మెల్లగా, "ఏ జడ్జో సంతకం పెడితే పోయేది హక్కెలా అవుతుంది తల్లీ? ఇవాళ వాడిది పోతే రేపు నీది పోదా?"

నాది పోయి మూడు వారాలైందని గుర్తు చేశాను. నాన్న పాస్టీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మొదటి నుంచి.

నాన్న చెడ్డవాడు కాదు. తన నమ్మకానికి మినహాయింపు పెట్టుకోని మనిషి, అంతే. చిన్నప్పుడు అందుకే నాకు ప్రపంచంలో అందరికంటే నాన్నే ఎక్కువ. రైఫిల్ సంగతి పైకి చెబితే డేల్‌తో పాటు నాన్న కూడా జైలు మెట్లెక్కాలి. అరవై ఆరేళ్ళు, గుండెకి రెండు సార్లు చికిత్స అయింది. షెరీఫ్‌కి ఫోన్ చెయ్యబోయి రెండు సార్లు పెట్టేశాను. అది నేను చేసిన తప్పు. ఏదైనా జరిగితే ఆ తప్పులో నా వాటా నాకు ఉంచండి, అంతా ఆయన నెత్తిన వెయ్యొద్దు.

5. డేల్ బ్రిస్బోయ్‌కి ఏమీ లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు.

6. జూనీ సంరక్షణ. మిగతా అంశాలన్నీ దీని చుట్టూ కట్టిన గోడ అనుకోండి.

నేను పోతే నా కూతురు జూన్ మార్గరెట్, వయసు ఆరు, వర్నా టటిల్ గారి ఇంట్లో పెరగాలి. మా నాన్న ఇంట్లో కాదు.

ఊరంతా ముక్కున వేలేసుకుంటుందని తెలుసు. వర్నా గారు మాకు చుట్టం కాదు. బడి బస్సు నడుపుతుంది. యాభై తొమ్మిదేళ్ళు, సిగరెట్లు మానేశానని ఏడాదికి నాలుగు సార్లు చెబుతుంది. ఈ నెల పద్దెనిమిదిన బడి వదిలాక మా మలుపు దగ్గర, బస్సు ఆగే చోటికి అడ్డంగా డేల్ ట్రక్ పెట్టుకుని నిలబడ్డాడు. ట్రక్ వెనక అద్దానికి రైఫిల్ తగిలించి ఉంది. సీజన్‌లో అది ఎవరి కంటికీ ఆనదు. నేను ఇంటి దగ్గర నుంచి దారి మీద పరిగెత్తుతున్నాను, ఇంకా సగం దూరంలో ఉన్నాను. మిగతాది జూనీ చెప్పింది, ఇద్దరి గొంతులూ అనుకరిస్తూ.

"నా కూతురు. తలుపు తియ్యి."

"తలుపు ఇరుక్కుపోయింది నాయనా."

"ఆటలాడకు వర్నా."

"నిన్ను కూడా ఆరేళ్ళప్పుడు ఈ బస్సులోనే మోశాన్రా. మొదటి రోజు ఏడ్చి నా ఒళ్ళో కక్కావు. పక్కకి జరుగు."

జరగలేదు. ఆవిడ బస్సు వెనక్కి తీసి, పదకొండు మంది పిల్లలతో చుట్టుదారిలో తిరిగి, జూనీని గ్రంథాలయంలో నా తోటి ఉద్యోగుల చేతికి అప్పగించి వెళ్ళింది. ఆగాల్సిన చోట ఆగనందుకు బస్సుల కాంట్రాక్టరు ఆవిడకి హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ఆవిడకీ ఇంట్లో తుపాకీ ఉంది, మా దగ్గర లేనిదెవరికి? బడి బస్సులోకి తేకూడదు కాబట్టి ఆ రోజు ఇంట్లోనే ఉంది.

తుపాకీ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. జూనీని పెంచే మనిషికి సూత్రం కంటే ముందు ఎదురుగా ఉన్న పిల్ల కనబడాలి. నాన్నకి ముందు సూత్రం కనబడుతుంది. నాకూ అంతేనేమోనని నా భయం.

ఈ అంశం చిత్తుప్రతి చదివి ఫెన్‌స్కీ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నీకు నిజం చెప్పాలిగా కారిన్. తండ్రి బతికుండగా బిడ్డ మీద మొదటి హక్కు తండ్రిదే. అదీ రాజ్యాంగం కాపాడే హక్కే. నువ్వు జ్వరంతోనో, రోడ్డు మీద కారు జారో పోయావనుకో, నీ రాత వట్టి కోరిక. జూనీ డేల్ దగ్గరికే వెళ్తుంది."

మరి ఎప్పుడు చెల్లుతుందని అడిగాను. ఆవిడ కళ్ళద్దాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. నాకు అర్థమైంది. నా మాట నిలవాలంటే నన్ను డేలే చంపి, ఆ హక్కు పోగొట్టుకోవాలి.

అయినా రాస్తున్నాను. ఏ జడ్జి చేతికైనా ఈ కాగితం వస్తే, చట్టం ఒప్పుకున్నంత మేర, ఒప్పుకోని చోట సిగ్గుపడైనా, పాటించమని వేడుకుంటున్నాను.

7. జూనీకి నా మంచం, నా కోటు, గ్రంథాలయానికి తిరిగివ్వాల్సిన రెండు పుస్తకాలు తప్ప నా పుస్తకాలన్నీ. దానికి ఆకుపచ్చ బఠానీలు బలవంతంగా పెట్టొద్దు. గట్టిగా నవ్వితే ఊరుకోమనొద్దు. ఎలా పోయానని అడిగిన రోజు నిజమే చెప్పండి, తాతయ్యని పక్కన కూచోబెట్టుకుని చెప్పండి. ఆయన లేచి వెళ్ళిపోకుండా చూడండి.

పై మాటలన్నీ నావే. చదివి సరిచూసుకుని సంతకం చేస్తున్నాను.

2025 నవంబరు 22, శనివారం, పైక్ క్రాసింగ్.

(సంతకం) కారిన్ ఎలీస్ లాహ్టీ

సాక్షులు:

లోర్నా పెల్టియర్, లాయరు గారి ఆఫీసు గుమాస్తా. కారిన్ నా కళ్ళెదుటే సంతకం చేసింది.

ఆర్విడ్ లాహ్టీ, తండ్రి. చదవకుండా సంతకం పెట్టనన్నాను, నిన్న సాయంత్రం చదవనిచ్చింది. ఇవాళ పొద్దున డేల్ ఇంటికి వెళ్ళి రైఫిల్ అడిగాను. "నాకు ఇంకా జింక పడలేదు మామయ్యా, పడ్డాక ఇస్తా" అన్నాడు. తిరిగి వస్తుంటే వాడి షెడ్డు వెనక దూలానికి వేలాడుతున్న జింకని చూశాను. చలికి బిగుసుకుపోయి ఉంది, కొట్టి నాలుగైదు రోజులై ఉంటుంది. ఇక్కడి నుంచి షెరీఫ్ ఆఫీసుకి వెళ్తున్నాను, రైఫిల్ ఇచ్చింది నేనేనని చెప్పడానికి. ఆరో అంశం మార్చమని నా కూతుర్ని అడగలేదు.