ఏడు నిమిషాలకే ఎక్కే వేడి

భద్రాచలం,
జులై 19, శనివారం సాయంత్రం.

పగిడయ్యన్నకు,

తమ్ముడు జకర్యా చేతులు జోడించి వందనాలు. నీ మరదలు స్తుతి కూడా చెప్పమంది. మేం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. వేంసూరులో నువ్వూ వదినా బాగున్నారని, ట్రాక్టర్ల రిపేరు పని నీకు ఊపిరాడనివ్వడం లేదని బస్సు కండక్టర్ గణేష్ చెప్పాడు. రేపు పొద్దున మొదటి బస్సులో ఈ ఉత్తరం తెచ్చి నీ చేతిలో పెట్టేది అతనే. ఫోన్ పదిసార్లు చేశాను. నా నంబరు చూస్తే ఎత్తవని తెలుసు. కాగితమైతే చింపే ముందు నాలుగు లైన్లయినా చదువుతావని ఆశ.

అన్నా, మన వరద బోటు మళ్లీ వేడెక్కుతోంది. బయల్దేరిన ఏడు నిమిషాలకు ముల్లు ఎర్రగీత దాటుతుంది, బజర్ మోగుతుంది. మెల్లగా నడిపితే ఇంకాస్త ఆగుతుంది, కానీ ఈ ప్రవాహంలో మెల్లగా నడిపితే బోటు ముందుకు పోదు, కిందికి కొట్టుకుపోతుంది. గోదావరి నిన్నటి నుంచి గంట గంటకూ పెరుగుతోంది.

ఇవాళ పొద్దున అవతలి ఒడ్డున రేగులగుంపు నుంచి ముత్తక్కను తీసుకురావాల్సింది. మనిద్దరికీ ఎన్ని మధ్యాహ్నాలు జొన్నరొట్టె పెట్టిందో నీకు చెప్పాలా. నువ్వు వెళ్లాక ఆమె కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శనివారం ఇక్కడి దవాఖానాలో డయాలిసిస్ చేయించాలి. వాగు పొంగి ఆ ఊరి రోడ్డు మునిగింది. నాటుపడవ వాళ్లు ఈ నీళ్లలో దిగలేమన్నారు. ఆఫీసులో అడిగితే పెద్ద బోట్లన్నీ కింది ఊళ్లలో ఉన్నాయట, ఖాళీ అయినప్పుడు పంపుతారట. ఆమెకు మిగిలింది నేనూ ఈ బోటూ.

సగం పైనే దాటాక బజర్ మోగింది. ఆమె కనబడుతూనే ఉంది అన్నా. పక్కింటి బొజ్జయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసి ఒడ్డున కూర్చోబెట్టాడు, పక్కన బట్టల సంచి. ఎదురు ప్రవాహంలో ఇంకో మూడు నిమిషాలు నడిపితే చేరేవాణ్ణి, కానీ ఇంజన్ పట్టేసేది. ఇంజన్ తగ్గించి, ప్రవాహంతో కిందికి జారుతూ మన ఒడ్డుకే తిప్పుకుని వచ్చేశాను. తర్వాత బొజ్జయ్య ఫోన్ చేసి ఆమెకిచ్చాడు. కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరి అందడం లేదు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. "మల్ల వస్తవు గద బిడ్డా" అని అడిగింది. అవ్ అక్కా అన్నాను. ఏ ముఖంతో అన్నానో నాకే తెలియదు.

చేయగలిగినవన్నీ చేశాను. బోటు వెనక నీళ్లలో మునిగి ఉండే లెగ్గుకు నీళ్లు తీసుకునే రంధ్రాల్లో వల దారాలు చుట్టుకుంటే తీగతో లాగేశాను. లెగ్గు ఆయిల్ వదిలి చూశాను, పాలలాగ తెల్లబడలేదు, అంటే సీళ్లు బాగున్నట్టే. రబ్బరు తొడుగు మడతల్లో వేలుపెట్టి తడిమాను, పగుళ్లు లేవు. ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే తిరుగుతోంది. థర్మోస్టాట్ తీసేసి కూడా నడిపాను. నీటి పంపు రబ్బరు చక్రం కొత్తదే. అయినా ఎగ్జాస్టులో నీళ్లు సన్నగా వస్తున్నాయి. పంపు లాగుతున్న నీళ్లు ఎక్కడో ఆగిపోతున్నాయి. షాలేమ్‌రాజు అని ఒక మెకానిక్‌ను పెట్టారు. మంచివాడే, కానీ లారీలు చేసిన చెయ్యి. మెయిన్ పంపు మార్చాలని, అది హైదరాబాద్ నుంచి రావడానికి వారం పడుతుందని అంటున్నాడు. ముత్తక్క దగ్గర వారం లేదు.

పోయిన ఆగస్టులో ఇదే బోటు ఇట్లాగే వేడెక్కి పదకొండు మందితో నది మధ్యలో ఆగిపోయినప్పుడు నిన్ను అందరూ ఎన్ని మాటలన్నారో నేను మర్చిపోలేదు. సర్వీసు పుస్తకంలో సంతకం నీది కాబట్టి తప్పు నీదేనని పనిలోంచి తీసేశారు. ఇసుకతిప్పకు తగిలి అందరం బతికాం, దేవుడి దయ. తర్వాత బయటి మెకానిక్ వచ్చి ఇంజన్ హెడ్డు మార్చాడు. ఈ జూన్‌లో ఒడ్డు వెంట రెండు చిన్న రౌండ్లు కొట్టాం, అంతే. నీకు జరిగింది మంచిది కాదన్నా. నీ కోపం న్యాయమే. కానీ ఆ కోపం నా మీద పెట్టుకో, ఆమె మీద వద్దు. రేపు మధ్యాహ్నం బస్సెక్కితే సాయంత్రానికి ఇక్కడుంటావు. ఎల్లుండి తెల్లవారి ఆమెను దాటించవచ్చు. నది తగ్గేదాకా ఆమెను మా ఇంట్లోనే ఉంచుకుందామని స్తుతి మంచం కూడా సర్దింది.

నువ్వు వస్తే చాలు. ఇంకేమీ అడగను.

ఇట్లు,
నీ తమ్ముడు
జకర్యా

తా.క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. ఇట్లాగే పంపితే నువ్వొచ్చినా వెతకాల్సిన చోట వెతకవు.

పోయిన జులైలో బోటు నీళ్లలోకి దించిన రోజు నువ్వు సీలు కోసం సారపాక పోయావు. కొబ్బరికాయ కొట్టాక ఇంజన్ ఒడ్డు మీదే ఒకసారి మోగించడం మన దగ్గర ఆనవాయితీ కదా. నువ్వుంటే డ్రమ్ము పెట్టి, పైపుతో నీళ్లు పట్టాకే తాళం తిప్పనిచ్చేవాడివి. ఆ రోజు సార్లు ఎండలో నిలబడి తొందరపెట్టారు. నీళ్లు లేకుండానే స్టార్ట్ చేశాను. వీడియో తీసేవాళ్లు ఇంకా పెంచమంటే పెంచాను. మూడు నిమిషాలకు రబ్బరు కాలిన వాసన వచ్చింది. అందరూ పోయాక పంపు విప్పితే రబ్బరు చక్రానికి ఆరు రెక్కల్లో మూడు లేవు. పెట్టెలో ఉన్న స్పేరు వేసి మూత బిగించాను. తెగిన ముక్కలు ఎటుపోయాయో వెతకలేదు. పాత చక్రం గోదావరిలో విసిరేశాను. నువ్వు సాయంత్రం వచ్చి, అంతా బాగుందన్న నా మాట నమ్మి సంతకం పెట్టావు.

విచారణ రోజు నా వైపు తిరిగి "నేనేం జేసిన్రా జకర్యా, నువ్వన్న చెప్పు" అన్నావు. నేను నేల చూశాను. నాకు ఉద్యోగం పోతుందని భయం.

ఆ మూడు ముక్కలు ఇంకా లోపలే ఉన్నాయన్నా. పంపు నుంచి పోయే గొట్టాలు రెండూ ఎవరూ లేనప్పుడు విప్పి చూశాను, వాటిలో లేవు. ఇక మిగిలింది ఆ నీళ్లతో ఇంజన్ వేడి తగ్గించే కూలరే. దాన్ని విప్పి మళ్లీ కారకుండా బిగించడం నాకు రాదు. ఎందుకు విప్పాలో షాలేమ్‌రాజుకు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. ఇప్పుడే వెళ్లి చెబుతున్నాను, సార్లకూ చెబుతాను.

వచ్చాక నన్ను ఒడ్డు మీదే అందరి ముందు కొట్టు, పడతాను. కానీ ముందు కూలర్ విప్పు.