జావలో కలిపిన పొడి

ప్రసూతి ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి గారి సముఖమునకు, బేకరీలో పిండి కలిపే పనివాడు వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: వచ్చే శుక్రవారం గర్భిణుల సమావేశంలో నా భార్య చేయవలసిన ప్రసంగాన్ని, కారణం ఆమెకు తెలియజేయకుండా, రద్దు చేయ కోరుట గురించి.

1. నా భార్య తమ కేంద్రంలో పేరు నమోదైన గర్భిణి. చిన్నప్పుడు తాను పెంచిన కోడిని ఇంట్లోవాళ్ళు కూర వండిన నాటి నుంచి ఆమె మాంసం ముట్టలేదు. గుడ్డు కూడా ముట్టలేదు. నేను అన్నీ తింటాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక్క మాటే అడిగింది: "మీరేం తిన్నా నాకేం లేదు. నా గిన్నె జోలికి మాత్రం రాకండి." సరే అన్నాను. సదరు మాట తప్పినందువల్లనే ఈ అర్జీ.

2. శాకాహారమైతే భయం లేదని తమరు మొదటి రోజే సెలవిచ్చారు. పప్పు, ఆకుకూర, పాలు బాగా తీసుకోమని, బి12 మాత్రం కూరల్లో దొరకదు గనుక ఆ మాత్ర, ఇనుము మాత్ర మానరాదని చెప్పారు. ఆ మాత్రలు వేసుకుంటే ఆమెకు వాంతులయ్యేవి. మానేసింది. "డాక్టరు గారితో అనకండి, గుడ్డు తినమంటారు" అంది. నేను అనలేదు. అడిగితే తమరు వేరే మాత్ర ఇచ్చేవారని తర్వాత నర్సమ్మ ఇంకెవరికో చెబుతుండగా విన్నాను.

3. తరువాతి పరీక్షలో రక్తం తక్కువని తేలింది. మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడేది. పైగా నన్ను చూసి నవ్వేది. "నేనేం చెయ్యను, లోపలున్న పాపాయి మొయ్యమంటోంది" అనేది. నాకు నవ్వు వచ్చేది కాదు. పొయ్యి దగ్గర వాసన ఆమెకు పడక వంట అప్పటికే నా చేతికి వచ్చింది. మా బేకరీలో ఎండబెట్టిన గుడ్ల పొడి వాడతాం. అది కొని తెచ్చి రోజూ పొద్దున్నే ఆమె జావలో కలపసాగాను. వాసన తెలియకుండా ఏలకులు వేసేవాణ్ణి.

"ఏంటండీ, ఇన్ని ఏలకులు?"

"నీకిష్టమని."

ఆమెకు ఏలకులు ఇష్టమో కాదో నాకు నేటికీ తెలియదు. రోజువారీ ఖర్చు రాసుకునే అలవాటున్నవాణ్ణి. ఈ పొడిని ఏ పద్దు కింద రాయాలో తెలియక వదిలేశాను.

4. ఆ పైన చేసిన పరీక్షలో రక్తం పెరిగింది. నర్సమ్మ వరుసలో ఉన్నవాళ్ళందరికీ ఆమెను చూపించి, "శాకాహారంతోనే ఎలా కోలుకుందో చూడండమ్మా" అంది. శుక్రవారం మాట్లాడమని కూడా అడిగింది. నా భార్యను నలుగురిలో ఎవరూ ఏనాడూ మెచ్చుకుని ఎరుగరు. ఇప్పుడు అద్దం ముందు నిలబడి, "నేను గుడ్డు కూడా ముట్టకుండా..." అని మొదలుపెట్టి అభ్యాసం చేస్తోంది. నేను గిన్నెలు తోముతూ వింటున్నాను.

5. పక్కింటి కోడలు కూడా గర్భిణి, శాకాహారి. నిన్న గుమ్మంలో నన్ను ఆపి, "మాత్రల్లేకుండానే రక్తం పట్టిందని అక్క చెప్పింది అన్నయ్యా, నేనూ మానేశా, పీడా పోయింది" అంది. మానొద్దమ్మా అన్నాను. "ఎందుకు? అక్క బాగానే ఉందిగా" అంది. జవాబు తెలిసి కూడా చెప్పలేక ఇంట్లోకి వచ్చేశాను. శుక్రవారం హాలు నిండా ఇటువంటి తల్లులే ఉంటారు.

6. రక్తం పెరిగింది పొడి వల్లనో ఆకుకూరల వల్లనో నిర్ణయించే చదువు నాకు లేదు. పొడి వల్లనైతే ఆమె చేత అబద్ధం చెప్పిస్తున్నవాణ్ణి. ఆకుకూరల వల్లనైతే ఆమెను ఊరికే మోసం చేసినవాణ్ణి.

కావున హాలుకు సున్నం వేస్తున్నారనో మరేదో చెప్పి ప్రసంగం ఆపించి, పక్కింటి కోడలి వద్దకు నర్సమ్మను పంపి, నా భార్యకు వాంతులు కాని మాత్ర ఇప్పించి, జావ సంగతి ఆమె చెవిన పడకుండా కాపాడ ప్రార్థన. చిత్తగించి నన్ను గట్టెక్కించగలరు.

ఇట్లు,
తమ మందలింపునకు పాత్రుడు

తా.క.: పైది రాసిన మర్నాడు పొద్దున్న, పొడి లేని జావ ముందు పెట్టి, ఆమెకు అంతా చెప్పేశాను. ఏం దాచిపెట్టమని కోరానో తమకు తెలియాలని పై రాత కొట్టివేయలేదు.

ఆమె కేకలు వేయలేదు. "వాసన వచ్చేది. కడుపుతో ఉన్నానుగా, నా నోరే పాడైందనుకున్నా. మీరు లేచి కాస్తున్నారని కళ్ళు మూసుకుని తాగేసేదాన్ని" అంది.  సాయంత్రం తనే పక్కింటికి వెళ్ళి ఆ అమ్మాయి చేత ఎదురుగా మాత్ర మింగించి వచ్చింది.

"శుక్రవారం నేను మాట్లాడతా. మాత్రలు మానేసిన సంగతీ చెప్తా, జావ సంగతీ చెప్తా. మీరు ముందు వరుసలో కూర్చోవాలి."

కనుక ప్రసంగం రద్దు కోరిక ఉపసంహరించుకుంటున్నాను. వేరే మాత్ర మాత్రం తప్పక ఇప్పించవలెను. జావ ఇప్పుడు ఆమే కాచుకుంటోంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

ఆ సమావేశానికి మగవాళ్ళను రానివ్వరని నర్సమ్మ అంటోంది. దయచేసి నాకొక కుర్చీ వేయించగలరు.