మంచం మీద లేని అక్క

అక్కకి,

ఎలా ఉన్నావని అడగను. బాగున్నానని అబద్ధం చెప్తావు. ఒళ్లు మండిపోయి రాస్తున్నాను.

మా ల్యాబ్ వెబ్‌సైట్‌లో విరాళాలిచ్చే దాతల కోసం కొత్తగా చేరిన పరిశోధకుల పరిచయాలు పెడుతున్నారు. ఏం చదివాం, దేని మీద ఆసక్తి, ఏం సాధించాలని ఆశ, ఇవన్నీ రాయాలి. నేను ఉన్నదున్నట్టు రాశాను. బడిలో మైక్రోస్కోపు కింద ఉల్లిపొర చూసినప్పటి నుంచి కణాలంటే పిచ్చి అనీ, కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ ఎందుకు పాడవుతుందో కనిపెట్టాలని ఉందనీ. పెద్దసారు అదంతా కొట్టేసి, 'కిడ్నీ జబ్బుతో నరకం చూస్తున్న అక్క మంచం పక్కన కన్నీళ్లతో ప్రతిజ్ఞ చేసింది' అని రాశాడు. ఒకసారి టీ తాగుతూ నీ సంగతి నోరు జారాను, నా ఖర్మ.

ఏ మంచం అక్కా? పొద్దున లేస్తే బస్సు నడుపుతున్నావు. నీకు జబ్బు రాకముందే నేను ఈ చదువులో చేరాను.

"ఇది అబద్ధం సార్" అన్నాను. "ఉత్త ఆసక్తికి డబ్బులెవరిస్తారమ్మా? ఏడుపుంటేనే దాతలు కదులుతారు" అని నవ్వాడు. నీ జబ్బు సంగతి డిపోలో తెలిస్తే నీకు బండి ఇవ్వరని చెప్పినా వినలేదు. నేను ల్యాబ్‌లో ఉంటేనే కదా నా పరిచయం పెట్టేది. రాజీనామా ఇచ్చేశాను. నెలాఖరుకి వచ్చేస్తాను.

నీ చెల్లెలు

*

చెల్లెలుగారికి,

'గారు' అన్నది కోపంతోనే. డిపోలో తెలియకూడదన్నది నేనే, నిజమే. నీ ఉత్తరం చదివి తిన్నగా వెళ్లి మేనేజరుకి చెప్పేశాను. ఆయన డాక్టరు కాగితం చూసి, "దూరం రూట్లు వద్దులేమ్మా, ఊళ్లో బండి తీసుకో" అన్నాడు. దీనికా ఇన్నాళ్లూ దొంగచాటుగా మాత్రలు మింగానని నామీద నాకే చిరాకేసింది.

తర్వాత మీ సారుకి ఫోన్ చేశాను. "మీరు మంచాన పడేసిన మనిషిని నేనే. ఇప్పుడే డ్యూటీ దిగాను. నా గురించి ఒక్క ముక్క ఉన్నా అక్కడికే వచ్చి కూర్చుంటాను" అన్నాను. తీసేస్తానన్నాడు. రాజీనామా సంగతి ఆయనతో నువ్వే తేల్చుకో.

నీ మీద కోపం మాత్రం తగ్గలేదు. నన్నడక్కుండా నా జబ్బుని ఆయన వాడుకున్నాడు. నన్నడక్కుండా దాని పేరు చెప్పి నువ్వు ఉద్యోగం వదిలేశావు. నాకు చెప్పకుండా నాకోసం త్యాగాలేంటి నీకు? నాకు జబ్బు చేసిందని నువ్వు ఆ చదువు మొదలుపెట్టలేదు. నాకు జబ్బు చేసిందని మానేయడానికి వీల్లేదు.

బస్సు నడుపుతున్న నీ అక్క